పెద్దప్రేగు క్యాన్సరు: నడివయస్సువారికి ముందు పరీక్ష ఆవశ్యకత

ఆరోగ్యమే మహాభాగ్యమని మన పెద్దలు చెప్పిరి. ఆరోగ్యము వేయి వరములకు సమానమను నానుడి ఉర్దూ భాషలోను కలదు. భాషలు వేరైనను భావమొక్కటే. అయితే ఈ మాటను నిత్యము వల్లించు మనము ఆరోగ్యమును గురించి ఆలోచించునది అది చెడిన తరువాతనే. వాన మొదలైన పిమ్మట ఇంటి పెంకులు సర్దుకొనుట వంటిది ఈ అలవాటు. చాల వ్యాధుల విషయములో ఈ ఆలస్యము వలన కొంత బాధ, కొంత ఖర్చు మాత్రమే కలుగును. కాని కొన్ని వ్యాధుల విషయములో ఆలస్యమే ప్రాణాంతకము. అట్టివానిలో పెద్దప్రేగు క్యాన్సరు ఒకటి.

ప్రపంచమంతటను కలిపి 2022వ సంవత్సరములో సుమారు 19 లక్షల మందికి పెద్దప్రేగు, పురీషనాళ క్యాన్సరు క్రొత్తగా సోకినదనియు, సుమారు 9 లక్షల మంది దానివలన మరణించిరనియు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. క్యాన్సరులన్నిటిలో వ్యాధిగ్రస్తుల సంఖ్యను బట్టి దీనిది మూడవ స్థానము. మరణముల సంఖ్యను బట్టి రెండవ స్థానము. ఇంతటి ఘోరవ్యాధియే అయినను, ముందుగా కనుగొనిన యెడల చాలవరకు నయము చేయదగినది. అంతకంటె ముందుగా కనుగొనిన యెడల అసలు రానీయకయే ఆపదగినది. ఈ రెండవ లక్షణము అన్ని క్యాన్సరులకును లేదు. ఆ అవకాశమును ఎట్లు వినియోగించుకొనవలెనో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

ఈ సంచికను చదువు విద్యార్థులలో అధికుల వయస్సు ఇరువది లోపు. కావున ఇది మాకేల అని కొందరనుకొనవచ్చును. కాని మీ తల్లిదండ్రుల వయస్సును ఒక్కసారి లెక్కించుకొనుడు. వారు నలుబదియైదుకు, అరువదికి నడుమ ఉందురు. సరిగా ఈ వ్యాధి పొంచియుండు వయస్సు అదియే.

పెద్దప్రేగు: నిర్మాణము, పని

మనము భుజించిన ఆహారము చిన్నప్రేగులో జీర్ణమై, సారము రక్తములో చేరిన పిదప మిగిలిన ద్రవపదార్థము పెద్దప్రేగును చేరును. దీని పొడవు సుమారు ఒకటిన్నర మీటరు, అనగా దాదాపు 5 అడుగులు. చిన్నప్రేగు కంటె పొడవులో చాల తక్కువైనను వెడల్పులో ఎక్కువ గనుక దీనికి పెద్దప్రేగు అను పేరు వచ్చినది. పొట్టకు కుడివైపు క్రింది భాగమున అంధనాళముతో ఇది మొదలగును. ఉండుకము అంటియుండునది ఇచ్చటనే. అచ్చటినుండి పైకి పోవునది ఆరోహణ కోలాన్. కాలేయము క్రింద మలుపు తిరిగి ఎడమకు సాగునది అడ్డు కోలాన్. ప్లీహము వద్ద మరల తిరిగి క్రిందికి దిగునది అవరోహణ కోలాన్. అటుపిమ్మట వంకర తిరిగిన సిగ్మాయిడ్ భాగము, చివరకు పురీషనాళము వచ్చును.

నీటిని, లవణములను పీల్చుకొని మలమును గట్టిపరచుట పెద్దప్రేగు యొక్క ముఖ్యమైన పని. కుడివైపు భాగములో మలము నీళ్లవలె ఉండును. ఎడమవైపునకు వచ్చుసరికి గట్టిపడును. ఈ చిన్న విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. వ్యాధి లక్షణములు ఒక్కొక్కరిలో ఒక్కొక్క విధముగా కనబడుటకు ఇది ఒక కారణము.

పిలక నుండి క్యాన్సరు వరకు

పెద్దప్రేగు లోపలి పొర కణములు కొలది దినములకొకసారి రాలిపోయి, వాని స్థానములో క్రొత్త కణములు పుట్టుచుండును. ఇంత వేగముగా కణవిభజన జరుగుచోట అప్పుడప్పుడు జన్యువులలో పొరపాట్లు దొర్లుట సహజము. వానిలో అధికభాగమును శరీరమే సరిదిద్దుకొనును. సరిదిద్దబడని కొన్ని కణములు అదుపు తప్పి పెరిగి లోపలి పొరపై చిన్న కండపిలకగా ఏర్పడును. దీనినే వైద్యులు పాలిప్ అందురు. క్యాన్సరుగా మారగల జాతి పిలకకు అడినోమా అని పేరు.

పిలకలన్నియు క్యాన్సరులు కావు. వానిలో చాల భాగము జీవితాంతము నిరపాయముగానే ఉండును. కాని పెద్దప్రేగు క్యాన్సరులలో అత్యధిక భాగము ఇట్టి పిలకల నుండియే పుట్టును. అమెరికా శాస్త్రజ్ఞులు ఫియరన్, వోగెల్‌స్టెయిన్ అనువారు 1990లో ఈ మార్పునకు జన్యుపరమైన వివరణ నొసగిరి. ఒక్క జన్యువు చెడినంత మాత్రమున క్యాన్సరు పుట్టదు. ఒకదాని పిమ్మట ఒకటిగా అనేక జన్యువులు చెడవలెను. ఒక్కొక్క మార్పునకు కొన్ని సంవత్సరములు పట్టును. కావున చిన్న పిలక క్యాన్సరుగా మారుటకు సామాన్యముగా 10 సంవత్సరములు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కాలము పట్టును.

ఈ పదేండ్ల వ్యవధియే మనకు లభించిన వరము. శత్రువు కోట గోడ వద్దకు వచ్చి పదేండ్లు వేచియుండగా, కావలివాడు ఒక్కసారియైనను బురుజెక్కి చూడకున్న తప్పెవరిది? ఆ పదేండ్లలో ఎప్పుడైనను పిలకను కనుగొని తీసివేసిన యెడల అది క్యాన్సరుగా మారు ప్రశ్నయే ఉండదు.

లక్షణములు, మొలల భ్రమ

చిన్న పిలక వలన నొప్పి ఉండదు. తొలిదశ క్యాన్సరు వలనను చాలమందికి ఏ బాధయు ఉండదు. బాధ తెలియునప్పటికి వ్యాధి ముదిరియుండుట కద్దు. అయినను ఈ దిగువ సూచనలను అశ్రద్ధ చేయరాదు: మలముతో రక్తము పడుట, మలవిసర్జన అలవాటులో మార్పు వచ్చి వారముల తరబడి నిలుచుట, అనగా క్రొత్తగా మలబద్ధకమో విరేచనములో కలుగుట, మలము సన్నబడుట, విసర్జన పూర్తికానట్లు తోచుట, కడుపునొప్పి, కారణము లేక బరువు తగ్గుట, రక్తహీనత, ఆయాసము.

ఎడమవైపు భాగములో కంతి పెరిగినచో, అచ్చట మలము గట్టిగా ఉండుటచే త్రోవ ఇరుకై మలబద్ధకము, రక్తస్రావము త్వరగా కనబడును. కుడివైపు భాగములో పెరిగినచో, మలము పలుచగా ఉండుటచే అడ్డంకి తెలియదు. రక్తము కొద్దికొద్దిగా మలములో కలిసిపోయి కంటికి కనబడదు. రోగికి తెలియునదెల్ల నీరసము, మెట్లెక్కిన ఆయాసము. నడివయస్సు పురుషునికి గాని, ముట్లుడిగిన స్త్రీకి గాని ఇనుము లోపముచే రక్తహీనత కలిగిన యెడల, బలము మాత్రలు ఇచ్చి ఊరకుండక రక్తము ఎచ్చట పోవుచున్నదో వెదకవలెనని వైద్యశాస్త్రము చెప్పుటకు కారణమిదియే.

మన ప్రాంతములో మలముతో రక్తము పడినచో అది మొలలేయని నిర్ణయించుకొనువారు అసంఖ్యాకులు. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో బవాసీర్ అనియు, తెలుగు ఇండ్లలో మొలలు, వేడి చేసినది అనియు పేరుపెట్టి, గోడమీది ప్రకటన చూచియో, పొరుగువారి మాట వినియో ఏదో మందు వాడుదురు. నిజమునకు చాలమందికి అది మొలలే. కాని కొందరికి కాదు. పై చూపునకు ఈ రెంటికిని భేదము తెలియదు. మొలలున్నవానికి క్యాన్సరు రాదను నియమమును లేదు. కావున పరీక్ష లేక మొలలని తీర్మానించుట, ఉత్తరము విప్పకయే అందలి విషయమును చెప్పబూనుట వంటిది.

ఇచ్చట ఒక భేదమును స్పష్టముగా గ్రహింపవలెను. ముందు పరీక్ష, అనగా స్క్రీనింగ్, ఏ లక్షణమును లేనివారికి ఉద్దేశింపబడినది. పైన చెప్పిన లక్షణములలో ఏదియున్నను వారు ఏ వయస్సువారైనను నేరుగా వైద్యుని వద్దకు పోవలెను. అట్టివారికి అది ముందు పరీక్ష కాదు, వ్యాధి నిర్ణయము.

పరీక్షా విధానములు

మొదటిది మలములో దాగియున్న రక్తమును కనుగొను పరీక్ష. దీని చరిత్ర రసాయనశాస్త్ర విద్యార్థులకు ఆసక్తికరము. గ్వాయకమ్ అను అమెరికా ఖండపు చెట్టు బంకను కాగితమునకు పట్టించి, దానిపై మలమును పలుచగా పూసి, హైడ్రోజన్ పెరాక్సైడు చుక్క వేసినచో, అందు రక్తపు అంశమున్న యెడల కాగితము నీలిరంగు పొందును. రక్తములోని హీమ్ అను పదార్థము ఆ చర్యను త్వరపరచుటయే ఇందలి రహస్యము. అయితే మాంసములోని రక్తమును, కొన్ని పచ్చి కూరలును గూడ ఈ రంగును పుట్టింపగలవు గనుక పరీక్షకు ముందు పథ్యము అవసరమయ్యెడిది. నేడు చాల దేశములలో దీని స్థానమును ఫిట్ అను పరీక్ష ఆక్రమించినది. ఇది మానవ రక్తములోని గ్లోబిన్ అను మాంసకృత్తును మాత్రమే గుర్తించును. పథ్యము అక్కరలేదు. ఇంటివద్దనే చిన్న పుల్లతో కొద్దిపాటి మలమును తీసి సీసాలో ఉంచి పంపిన చాలును. ఒక్క పరీక్షలో ఇది నాలుగింట మూడువంతుల క్యాన్సరులను పట్టగలదు. కాని రక్తము కార్చని పిలకలను చాలవరకు పట్టలేదు. అందుచే దీనిని ఏటేట గాని, రెండేండ్లకొకసారి గాని తిరిగి చేయుదురు. ఫలితము అనుమానముగా వచ్చినంత మాత్రమున క్యాన్సరున్నదని అర్థము కాదు. కొలనోస్కోపీ చేయించుకొనవలెనని మాత్రమే అర్థము. ఆ రెండవ మెట్టు ఎక్కనివానికి మొదటి మెట్టు నిష్ప్రయోజనము.

రెండవది కొలనోస్కోపీ. వేలి లావున నున్న మెత్తని గొట్టమును, చివర దీపము, కెమెరా అమర్చి, గుదద్వారము గుండ పంపి పెద్దప్రేగునంతటిని వైద్యుడు తెరపై చూచును. న్యూయార్కులో విలియం వుల్ఫ్, హిరోమీ షిన్యా అను వైద్యులు 1969లో కొలనోస్కోపు ద్వారా తీగ ఉచ్చు పంపి, కడుపు కోయకయే పిలకను తొలగించిరి. అంతవరకు పిలకను తీయుటకు కడుపు కోయవలసి వచ్చెడిది. ఈ ఒక్క నూతన పద్ధతితో పరీక్షయే చికిత్సయైనది. కనబడిన పిలకను అప్పటికప్పుడే తీసివేయవచ్చును. ఏ పిలకయు లేదని తేలిన సామాన్యునికి మరల పదేండ్ల వరకు కొలనోస్కోపీ అవసరముండదు.

వీనికి తోడు ఎడమ భాగమును మాత్రము చూచు సిగ్మాయిడోస్కోపీ, సి.టి. యంత్రముతో చేయు కొలనోగ్రఫీ మొదలగు పద్ధతులును కలవు.

పరిశోధనలు ఏమి తెలిపినవి

వ్యాధిని ముందుగా కనుగొనుట మేలని వినుటకు సహజముగనే తోచును. కాని శాస్త్రము తోచినదానిని నమ్మదు, నిరూపణ కోరును. ఇందు ఒక చిక్కు కలదు. 65వ ఏట మరణింపవలసియున్న రోగికి వ్యాధి 63వ ఏట బయటపడినచో రెండేండ్లు బ్రతికెనందుము. అదే వ్యాధిని 59వ ఏట కనుగొని, చికిత్స ఫలింపక 65వ ఏటనే మరణించినను ఆరేండ్లు బ్రతికెనందుము. ఆయువు పెరుగలేదు, లెక్క మాత్రము పెరిగినది. కావున కనుగొనిన పిదప ఎన్నేండ్లు బ్రతికిరి అనునది చాలదు. పరీక్ష పొందిన సమూహములోను, పొందని సమూహములోను మరణములను పోల్చి చూడవలెను.

అట్టి పెద్ద పరిశోధన అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రములో 1975లో మొదలైనది. 50 నుండి 80 సంవత్సరముల వయస్సుగల 46,551 మందిని చీట్లు వేసినట్లు మూడు భాగములు చేసిరి. ఒక భాగమునకు ఏటేట, మరియొక భాగమునకు రెండేండ్లకొకసారి మలరక్త పరీక్ష చేసిరి. మూడవ భాగమునకు చేయలేదు. 1993లో ప్రకటించిన ఫలితములను బట్టి ఏటేట పరీక్ష పొందిన వారిలో ఈ వ్యాధి మరణములు 33 శాతము తగ్గినవి. పిమ్మట బ్రిటనులో ఒక్కసారి సిగ్మాయిడోస్కోపీకి ఆహ్వానింపబడిన 55 నుండి 64 ఏండ్లవారిలో మరణములు 31 శాతము తగ్గినట్లు 2010లో తేలెను.

నిష్పక్షపాతముగా చెప్పవలెనన్న ఇంకొక ఫలితమును గూడ తెలుపవలెను. నార్వే, స్వీడన్, పోలండు దేశములలో జరిగిన కొలనోస్కోపీ పరిశోధన ఫలితములు 2022లో వెలువడినవి. పదేండ్లలో క్యాన్సరు పాలైనవారు ఆహ్వానింపబడని వారిలో నూటికి 1.20, ఆహ్వానింపబడిన వారిలో 0.98. తగ్గుదల 18 శాతము మాత్రమే. మరణములలో స్పష్టమైన తగ్గుదల అప్పటికి కనబడలేదు. ఇది చూచి కొందరు కొలనోస్కోపీ వ్యర్థమని వాదించిరి. కాని ఆహ్వానింపబడిన వారిలో పరీక్షకు వచ్చినవారు నూటికి 42 మంది మాత్రమే. రానివారికి ఏ పరీక్షయు మేలు చేయజాలదు. వచ్చినవారిని మాత్రము లెక్కించినచో తగ్గుదల సుమారు 31 శాతమని పరిశోధకులు అంచనా కట్టిరి. ఇందుండి మనము నేర్వవలసిన పాఠము రెండు విధములు: పరీక్ష అద్భుత మంత్రము కాదు, చేయించుకొననివానికి అది ఏమియు కాదు.

పరీక్ష వలన ప్రమాదము లేదా? ఆ పరిశోధనలోనే కొలనోస్కోపీ చేయించుకొనిన 11,843 మందిలో పిలక తీసిన పిదప పెద్ద రక్తస్రావము 15 మందికి కలిగినది. ప్రేగునకు రంధ్రము పడినవారు గాని, పరీక్ష కారణముగా నెల దినములలో మరణించినవారు గాని లేరు. ఇతరచోట్ల ప్రేగునకు రంధ్రము పడిన సందర్భములు అరుదుగా లేకపోలేదు. కావున శిక్షణ పొందిన వైద్యునిచే చేయించుకొనుట ముఖ్యము.

ఇద్దరు ప్రసిద్ధుల ఉదాహరణము

అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్‌కు 1985 జూలైలో, 74వ ఏట, కొలనోస్కోపీ చేయగా పెద్దప్రేగు కుడిభాగమున పెద్ద కంతి కనబడెను. శస్త్రచికిత్సచే ప్రేగులో సుమారు 2 అడుగుల భాగమును తొలగించిరి. కంతిలో క్యాన్సరు ఉన్నదని తేలెను. కాని అది ఇతర అవయవములకు ప్రాకలేదు. ఆయన ఇంకను 19 ఏండ్లు జీవించి, 2004లో 93వ ఏట వేరొక కారణమున మరణించెను.

ఫుట్‌బాల్ క్రీడకు చక్రవర్తియని పేరొందిన పెలే విషయము వేరు. కరోనా కారణముగా వాయిదాపడిన సామాన్య పరీక్షలను 2021లో చేయించుకొనగా పెద్దప్రేగులో కంతి బయటపడినది. శస్త్రచికిత్స జరిగినను వ్యాధి ప్రాకి 2022 డిసెంబరు 29న మరణించెను. ఒక్క మనిషి కథ శాస్త్రప్రమాణము కాదు. అయినను ఎంత గొప్ప క్రీడాకారుని శరీరమైనను ఈ వ్యాధికి అతీతము కాదని దీనిచే తెలియుచున్నది.

మన దేశ పరిస్థితి

భారతదేశములో ఈ వ్యాధి పాశ్చాత్య దేశములలో కంటె తక్కువ. వయోభేదమును సరిచూచిన లెక్కప్రకారము ఏటేట లక్షమందిలో సుమారు 5 మందికి వచ్చుచున్నది. అమెరికాలో ఈ సంఖ్య 25కు పైబడియున్నది. పీచు అధికముగా గల మన ఆహారము దీనికొక కారణము కావచ్చును. ఆఫ్రికాలో పనిచేసిన బర్కిట్ అను వైద్యుడు, పీచు పదార్థము తిను ప్రజలలో ఈ వ్యాధి అరుదని గమనించి 1971లో ప్రకటించెను. కాని మన సంఖ్య తక్కువయని సంతోషించి ఊరకుండుటకు వీలులేదు. జనాభా అపారమగుటచే ఏటేట 60 వేలకు పైగా భారతీయులు ఈ వ్యాధి పాలగుచున్నారు. పట్టణవాసము, కూర్చుండి చేయు ఉద్యోగములు, స్థూలకాయము, పొగాకు, మద్యము పెరుగుచున్నకొలది వ్యాధియు పెరుగును. నిలువయుంచుటకు ఉప్పు, పొగ, రసాయనములు పట్టించిన మాంసమును క్యాన్సరు కారకముగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా సంస్థ 2015లో ప్రకటించినది.

అంతకంటె విచారకరమైన విషయమొకటి కలదు. వ్యాధి ప్రేగుగోడ దాటకముందు కనుగొనిన వారిలో నూటికి సుమారు 90 మంది అయిదేండ్లు దాటి జీవించుచున్నారని అమెరికా లెక్కలు తెలుపుచున్నవి. దూరపు అవయవములకు ప్రాకిన పిదప కనుగొనిన వారిలో ఆ సంఖ్య 15 ప్రాంతము. 2018లో ప్రచురింపబడిన అంతర్జాతీయ లెక్కలలో, కొరియాలో పెద్దప్రేగు క్యాన్సరు రోగులలో అయిదేండ్లు జీవించువారు నూటికి 70కి పైగా ఉండగా, భారతదేశములో 40కి లోపుగా ఉండిరి. అనగా మనకు వ్యాధి తక్కువగా వచ్చును. వచ్చినవారు ఎక్కువగా మరణింతురు. ఆలస్యముగా వైద్యుని చేరుట దీనికి ఒక ముఖ్య కారణము.

జపాను 1992 నుండి 40 ఏండ్లు దాటినవారికి ఏటేట మలరక్త పరీక్షను దేశవ్యాప్తముగా జరుపుచున్నది. ఇంగ్లండులో 50 నుండి 74 ఏండ్లవారికి రెండేండ్లకొకసారి పరీక్ష సామగ్రి తపాలాలో ఇంటికి వచ్చును. అమెరికాలో పరీక్ష మొదలిడు వయస్సును 50 నుండి 45కు 2021లో తగ్గించిరి. అచ్చట యువకులలో వ్యాధి పెరుగుటయే ఇందుకు కారణము. మన దేశములో ప్రభుత్వ పథకము ప్రకారము 30 ఏండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సరులకు పరీక్షలు కలవు. ఈ మూడును మనవద్ద అధికము గనుక ఆ ఎన్నిక సమంజసమే. కాని పెద్దప్రేగునకు అట్టి సామూహిక పరీక్ష లేదు. తపాలాలో మన ఇంటికి సామగ్రి రాదు గనుక, మన జాగ్రత్తను మనమే తీసికొనవలసియున్నది.

ఎవరు, ఎప్పుడు చేయించుకొనవలెను?

రక్తసంబంధమున వ్యాధి ఉన్నవారు అందరికంటె ముందు మేల్కొనవలెను. తల్లి, తండ్రి, తోడబుట్టినవారిలో ఒక్కరికి ఈ వ్యాధి వచ్చినను మిగిలినవారికి ప్రమాదము సుమారు రెట్టింపగును. అట్టివారు 40వ ఏట గాని, ఆ బంధువునకు వ్యాధి కనబడిన వయస్సునకు పదేండ్లు ముందుగా గాని, ఏది ముందైన అప్పుడు కొలనోస్కోపీ చేయించుకొనుట మంచిదని వైద్యుల సలహా. తండ్రికి 46వ ఏట వచ్చినచో కుమారుడు 36వ ఏటనే పరీక్షకు సిద్ధపడవలెను. లించ్ లక్షణసముదాయము అను వంశపారంపర్య వ్యాధిగల కుటుంబములలో ఇరువదుల వయస్సులోనే పరీక్షలు మొదలిడుదురు. దీర్ఘకాలముగా ప్రేగుపూత వ్యాధి గలవారును ప్రత్యేక పర్యవేక్షణలో నుండవలెను.

ఇట్టి చరిత్ర ఏదియు లేని 45 నుండి 75 ఏండ్లవారు వైద్యునితో సంప్రదించి, ఫిట్ పరీక్షనో కొలనోస్కోపీనో ఎన్నుకొనవచ్చును. అందరును కొలనోస్కోపీకే పోవలెనను నిర్బంధము లేదు. మన దేశములో ఆ యంత్రములు, నిపుణులు పట్టణములకే పరిమితము. ఖర్చు తక్కువై, ఇంటివద్దనే చేయదగిన ఫిట్ పరీక్ష సామాన్యునికి అందుబాటులోనిది. చేయించుకొనని గొప్ప పరీక్ష కంటె చేయించుకొనిన చిన్న పరీక్ష మేలు.

సంకోచములు, సమాధానములు

నడివయస్సువారు పరీక్షకు వెనుదీయుటకు నాలుగు కారణములు కలవు.

మొదటిది లజ్జ. శరీరములోని ఆ భాగమును గురించి బిడ్డలతోను, వైద్యునితోను మాట్లాడుటకు మనవారు సిగ్గుపడుదురు. స్త్రీల విషయములో ఇది మరింత అధికము. ఈ సిగ్గు సహజమే. దానిని పరిహసించుట తగదు. కావలసినచో స్త్రీ వైద్యురాలిని కోరవచ్చును. ఫిట్ పరీక్షలో ఎవరి ఎదుటను సిగ్గుపడవలసిన పనియే లేదు.

రెండవది నాకేమియు బాధలేదు గదా అను ధీమా. బాధలేనివారి కొరకే ఈ పరీక్ష ఏర్పడినదని పైన వివరించితిమి.

మూడవది భయము. పరీక్ష చేసినచో ఏదో బయటపడునని కొందరు, నొప్పి యగునని కొందరు భయపడుదురు. కొలనోస్కోపీకి సామాన్యముగా మత్తు ఇత్తురు. కష్టమైన భాగము ముందురోజు ద్రవాహారముతో ఉండి, ప్రేగును శుభ్రపరచు మందును త్రాగుట. రంజాను మాసమంతయు ఉపవాసముండువారికిని, ఏకాదశులు ఆచరించువారికిని ఒక్క దినపు నియమము దుర్భరము కాజాలదు. మధుమేహమున్నవారును, రక్తము పలుచబరచు మందులు వాడువారును ఆ సంగతి వైద్యునికి ముందుగా తెలుపవలెను.

నాలుగవది ధనము. ఇది నిజమైన ఇబ్బంది. దీనిని ఉపదేశముతో తీర్చలేము. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర వెలసిన క్యాన్సరు ఆసుపత్రి 1955 నుండి బీదసాదలకు సేవ చేయుచున్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము క్యాన్సరు శస్త్రచికిత్సలను, మందులను పేదలకు అందుబాటులోనికి తెచ్చినది. కాని వ్యాధి వచ్చిన పిదప చికిత్సకు చేయు సహాయము కంటె, రాకముందు పరీక్షకు చేయు సహాయము తక్కువ ధనముతో ఎక్కువ ఫలమునిచ్చును. ఈ మాటను ప్రజాప్రతినిధులు, ధర్మసంస్థలు గుర్తింపవలెను.

మన కర్తవ్యము

విద్యార్థి సోదరసోదరీమణులారా! మీ ఇంటిలో చదువుకొనినవారు మీరు. పెద్దలకు ఉపదేశము చేయుట మన సంప్రదాయము కాదు. కాని ప్రేమతో విన్నవించుట ఎప్పుడును తప్పు కాదు. నాన్నగారైనను, అబ్బాజాన్ అయినను, అమ్మయైనను, అమ్మీజాన్ అయినను, బిడ్డ నోట వచ్చిన మాటకు వైద్యుని మాటకంటె ఎక్కువ బలముండును. ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు రెండు ప్రశ్నలు అడుగుడు. మన వంశములో ఎవరికైనను ప్రేగు క్యాన్సరు, గర్భాశయ క్యాన్సరు వచ్చినదా? మీకు రక్తము పడుట మొదలగు సూచనలు ఏవైనను ఉన్నవా? జవాబులను ఒక కాగితముపై వ్రాసియుంచుకొనుడు. వైద్యునికి అంతకంటె విలువైన పత్రము ఉండదు. వారిని ఒంటరిగా పంపక, తోడుగా మీరు పొండు.

కళాశాల కార్యవర్గమువారికి ఒక విన్నపము. మన అధ్యాపకులలో, కార్యాలయ సిబ్బందిలో, కార్యవర్గ సభ్యులలోను అధికులు ఈ వయస్సువారే. ఏటేట జరుపు రక్తదాన శిబిరముతో పాటు, ఒక దినము తల్లిదండ్రులను పిలిపించి ఈ విషయముపై తెలుగులోను ఉర్దూలోను వైద్యునిచే ఉపన్యాస మిప్పించినచో ఎంతయో మేలగును. రెండు భాషలలో ఒక చిన్న కరపత్రమును ముద్రించి ప్రతి విద్యార్థి చేతికిచ్చినచో, అది వందలాది ఇండ్లకు చేరును. ఫిట్ పరీక్షలో అనుమానము వచ్చినవారిని కొలనోస్కోపీ వరకు చేర్చు ఏర్పాటు ముందే చేసికొనిన పిమ్మటనే శిబిరము జరుపవలెను. లేనిచో భయమును పంచిపెట్టినవారమగుదుము గాని ఆరోగ్యమును కాదు.

మన ఇండ్లలో నడివయస్సువారు ఎల్లప్పుడును ఇతరుల కొరకు పరుగెత్తువారు. ముసలి తల్లిదండ్రుల మందులు, బిడ్డల ఫీజులు, కూతుండ్ర పెండ్లిండ్లు ముగిసిన పిమ్మట తమ ఒంటిని చూచుకొందమని వాయిదా వేయుదురు. ఆ వాయిదా ఎన్నడును ముగియదు. ఇంటికి ఆధారమైన స్తంభమును చెదలు తినుచున్నదో లేదో చూచుట ఇంటివారందరి బాధ్యత. పదేండ్ల గడువు నిచ్చు శత్రువు చేతిలో ఓడిపోవుట మనకు తగదు. కనుక ఈ ఏడాదియే ఇంటింట ఈ ప్రసంగము జరుగుగాక యని, పెద్దలు పరీక్షకు సిద్ధపడుదురు గాక యని ఆశించుచు ఈ వ్యాసమును ముగించుచున్నాను.